ఒక్క రోజులో పన్నెండు గుళ్ళు

కల్యాణవల్లి రాజు చిత్రభానుడికి పొరుగురాజు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఒక్క రోజులో ఎనిమిది పాతకాలపు శిథిలాలయాలు చూసొచ్చానని అందులో గొప్పలు పోయాడు. ఆ పూట చిత్రభానుడికి అన్నం సహించలేదు. తాను పన్నెండు చూడాలన్నాడు, అదీ పొద్దు గుంకేలోగా.

యాత్రల అధికారి విరూపయ్య ఎగిరి గంతేశాడు. పల్లకిలో పట్టుపరుపు వేయించాడు. పన్నీరు చల్లడానికి ఇద్దరిని, ద్రాక్షపళ్ళ తొక్క తీయడానికి ఒకణ్ణి పెట్టాడు. బోయీలు మాత్రం పరుగెత్తాలన్నాడు. ఒక్క గుడి తగ్గినా వాళ్ళ కొలువు ఊడుతుందన్నాడు.

రాజుకు తాంబూలం అందించే తిప్పక్క పల్లకి పక్కనే నడిచింది. ఒక్కో గుడి దగ్గర ఆగేది ఒక్క తాంబూలం నమిలేంతసేపే. రాజు ఉమ్మగానే పల్లకి లేవాలి.

పండగ రోజులు కావడంతో ఎక్కడ చూసినా ఇసుక వేస్తే రాలనంత జనం. దానికి తోడు రాజుగారి పరివారమే రెండు వందలు. మొదటి గుడిలో రాజుకు రాతి ఏనుగు తొండం కొస కనిపించింది. రెండో గుడిలో ఎవరిదో బట్టతల కనిపించింది. మూడో గుడిలో అదీ లేదు.

విరూపయ్య వెనక పల్లకిలో, దుమ్ము పడకుండా తెరలు దించుకుని కూర్చున్నాడు. ఆగినప్పుడల్లా తల బయటపెట్టి, చేతిలో తాటాకు చూసి గుడిని వర్ణించేవాడు.

మూడో గుడి దాటేసరికి ముందు బోయీ లింగన్న కాళ్ళు బొబ్బలెక్కాయి. ఇంకా తొమ్మిదంటే ప్రాణాలు పోతాయక్కా అని గొణిగాడు. తిప్పక్క పరుపు మీద గుర్రుపెడుతున్న రాజును చూసింది. వెనక పల్లకి తెరలను చూసింది. లింగన్న చెవిలో ఏదో చెప్పింది. కాపలావాళ్ళవీ కాళ్ళే కనుక ఎవరూ నోరు మెదపలేదు.

నాలుగో గుడికి నాలుగు వాకిళ్ళు. తూర్పు వాకిట ఆగగానే, అది అయిదువందల ఏళ్ళనాటి శివాలయమన్నాడు విరూపయ్య. రాజు నమిలాడు, ఉమ్మాడు, మళ్ళీ నిద్రపోయాడు. బోయీలు గోడ మలుపు తిరిగి, చింతల నీడలో కాసేపు నడుం వాల్చి, పల్లకిని దక్షిణపు వాకిట దించారు. అది వెయ్యేళ్ళనాటి విష్ణువు గుడి అన్నాడు విరూపయ్య. పడమటి వాకిట అదే జైన బసది అయింది.

ఉత్తరపు వాకిట ఎవరో మహారాణి కట్టించిన అమ్మవారి గుడిని వర్ణిస్తూ ఉండగా, ఆ గుడి చుట్టూ తిరుగుతూ మజ్జిగ అమ్ముకునే ముసలావిడ కుండతో అడ్డం వచ్చింది.

“పొద్దుటి నుంచీ ఈ గుడికి నాలుగుసార్లొచ్చారు దొరా. ఒక్కసారైనా మజ్జిగ తాగరేం?”

రాజు ముఖం ఎర్రబడింది. ఇదెవరి పని అని అడిగాడు. తిప్పక్క చేతులు జోడించి, తనదేనని ఒప్పుకుంది. బోయీల కాళ్ళు చూడలేక చేశానంది.

“నన్నే మోసం చేస్తావా?” అన్నాడు రాజు.

“ఈ గుడిని ఎవరైనా ఒక్కసారి చూసి ఉంటే, రెండోసారికే నా మోసం బయటపడేది ప్రభూ.”

రాజు విరూపయ్య వైపు చూశాడు. విరూపయ్య తాటాకులో చూశాడు. దీనికి జవాబు అందులో లేదు.

ముందు రాజు పెదవులు వణికాయి. తర్వాత పొట్ట ఊగింది. నవ్వి నవ్వి నోట్లో తాంబూలమంతా పట్టుపరుపు మీద పోసుకున్నాడు. అందరికీ మజ్జిగ పోయించి, మెళ్ళో ముత్యాల దండ తీసి తిప్పక్కకిచ్చి, పల్లకి దిగి ఆ ఒక్క గుడినే పొద్దు గుంకేదాకా తిరిగి చూశాడు.

తిరుగు ప్రయాణంలో రాజు గుర్రమెక్కాడు. పట్టుపరుపు మీద లింగన్న కాళ్ళు చాపుకుని పడుకున్నాడు. అతని బదులు పల్లకి ముందు కొమ్ముకు భుజం పట్టింది విరూపయ్య.