వెనక తాడు

సుభద్రాంబ గారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న వేస్తే ముందు వాళ్ల చేతులకేసి చూస్తారు. ఖాళీగా ఉంటే ఏదో ఒక పని అంటగడతారు. గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఆవిడ పాకలో శిష్యుడిగా చేరిన కొత్తలో నేను మోక్షం గురించి అడిగి, బుట్టెడు పండుమిరపకాయలకు తొడిమలు తీశాను. మోక్షం సంగతి ఇప్పటికీ తెలియదు గాని, ఆ చేత్తో కళ్లు తుడుచుకోకూడదని మాత్రం తెలిసింది. అసలు నాది కిరాణా పొట్లాల కాగితాల మీద కూడబలుక్కున్న చదువు. అందుకే నా జ్ఞానం ఏదయినా సరే, అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి చిరిగిపోయి ఉంటుంది.

నా తోటి శిష్యుడు విశ్వపతి అలా కాదు. పుస్తకాలు అట్ట నుంచి అట్టదాకా చదివినవాడు. ఒక ఉదయం వచ్చి, "అమ్మా, లోకంలో వైరుధ్యాలు నిజంగా ఉన్నాయా, లేక చూసేవాడి చూపులోనే ఉన్నాయా?" అని అడిగాడు. అడిగి ఊరుకోలేదు. "చూపులోనేనని నాకు తోస్తోంది. మీరు ఊఁ అంటే రేపటినుంచి ఊరూరా తిరిగి ఇదే చెబుతాను" అన్నాడు.

ఆవిడ అతని చేతులకేసి చూశారు. ఖాళీగా ఉన్నాయి.

"ఇవాళ వీర్రాజు తన కొత్త నావ నీళ్లలోకి దించుతున్నాడు. పోయి తాడు పట్టుకో" అని, నావైపు తిరిగి, "నువ్వూ పో. ఊరికే కూర్చుంటే పొట్ట పెరుగుతుంది" అన్నారు. అది అప్పటికే పెరిగిందన్న సంగతి దయతో గమనించలేదు.

ఆ నావ కోసం వీర్రాజు ఇంటి దూలాలు విప్పి దాని అడుగుకు వేశాడు. భార్య మంగతాయారు పిల్లలతో తాటాకు పందిరి కింద కాపురం చేస్తోంది. నావ తేలితే బతుకు తేలినట్టే. గట్టు వాలులో జారి పగిలిందా, ఇల్లూ లేదు, నావా లేదు.

ఆ రేవులో ఒక ఆచారం ఉంది. ముందు తాడు నావ సొంతదారుడిది, నీళ్లవైపు లాగుతాడు. వెనక తాడు అతని అత్తవారిది, గట్టువైపు లాగుతారు. ఉత్తినే లాగరు, తిట్టుకుంటూ లాగుతారు.

నావ కింద వరసగా పరిచిన దుంగల మీద ఆముదం పోశారు. సముద్రపు పోటుకి పాయలో నీళ్లు ఎక్కాయి. నేను ముందు తాడు చివర పట్టుకున్నాను. పట్టుకున్నానన్నాను గాని, లాగానని అనలేదు. విశ్వపతిని వెనక తాడు దగ్గర, మంగతాయారు తమ్ముడు అప్పన్న పక్కన నిలబెట్టారు. అప్పన్న తలుపంత వెడల్పు మనిషి.

"మా అక్క ఇంటి దూలాలు పీకావు, చాల్లేదా బావా? నావ ఇవ్వం పో!" అని అరిచాడు అప్పన్న.

"అయితే మీ అక్కనే తెచ్చి తాడుకి కట్టుకోరా! నావైనా కదులుతుంది గాని అది కదలదు!" అన్నాడు నీళ్లలోంచి వీర్రాజు.

"నా ఊసెత్తారంటే ఇద్దరికీ రాత్రికి కూడు లేదు!" అంది గట్టు మీంచి మంగతాయారు.

గట్టంతా నవ్వింది. ఆ నవ్వు చూసి విశ్వపతి ముఖం వెలిగిపోయింది. "చూశావా, ఇదంతా వేషం! ఇవ్వం అనేవాడికీ నావ నీళ్లలో పడాలనే ఉంది. లాగుడు రెండూ ఒక్కటే. తేడా అంతా చూసే చూపులోనే!" అని నాకు వినబడేలా కేకవేశాడు. రెండూ ఒక్కటే అయినప్పుడు ఎటు లాగితేనేం అనుకున్నాడు కాబోలు, వెనక తాడు వదిలేసి ముందు తాడుకేసి పరిగెత్తుకొచ్చాడు. చదువుకున్నాయన వదిలాడంటే వదలమన్నారేమోనని మరో నలుగురు వదిలేశారు.

నావ ఉలిక్కిపడింది. దుంగలు గిర్రున తిరిగాయి. మేం లాగకుండానే అది మామీదికి వచ్చేస్తోంది. ఆ క్షణంలో నాకు మోక్షం దాదాపు కనబడింది. మంగతాయారు నవ్వు ఆగిపోయింది. "తాడయ్యా! తాడు!" అని గొంతు చించుకుంది.

అప్పన్న మడమలు మట్టిలో పాతి వెనక్కి వాలాడు. అయినా జారిపోతున్నాడు. విశ్వపతి గిరుక్కున తిరిగి, పాములా పోతున్న తాడును రెండు చేతులా పట్టుకున్నాడు. అది అతని అరచేతుల తోలు వలుచుకుంటూ పోయింది. వదల్లేదు. బోర్లా పడి బురదలో ఈడ్చుకుపోతూ కూడా వదల్లేదు. వదిలిన నలుగురూ వచ్చి తాడు మీద పడ్డారు. తాడు బిగిసింది. నావ ఒక్క మూలుగు మూలిగి ఆగింది.

"ఇప్పుడు లాగు బావా!"

"నువ్వు బిగబట్టరా, లాగుతున్నా!"

ముందువాళ్లు లాగినంత మేరకే వెనకవాళ్లు తాడు ఇచ్చారు. జానెడు జానెడుగా దిగింది నావ. ముక్కు నీళ్లను తాకింది, మునిగింది, తల ఎగరేసి లేచింది. తేలింది! డప్పులు మోగాయి. పిల్లలు నీళ్లలోకి దూకారు. మంగతాయారు నావకు చల్లాల్సిన పసుపునీళ్లు కడవెడూ తమ్ముడి నెత్తిన గుమ్మరించింది. వీర్రాజు బావమరిదిని ఎత్తబోయి, ఎత్తలేక, కౌగిలించుకున్నాడు. తరవాత ఇద్దరూ కలిసి విశ్వపతిని భుజాలకెత్తుకున్నారు. అతను వదిలిన సంగతి ఎవరూ తలవలేదు. పట్టుకున్నది మాత్రం అందరూ చూశారు. నన్నెవరూ ఎత్తలేదు. పూనుకున్నా వాళ్లవల్ల అయ్యేది కాదనుకోండి.

డప్పులతో అలాగే పాకదాకా ఊరేగించారు. విశ్వపతి దిగి, నెత్తురోడుతున్న అరచేతులు గురువుగారి ముందు చాపాడు. "పొరపడ్డానమ్మా. వైరుధ్యం నిజమే. చూపులో కాదు, ఇదిగో, ఇక్కడుంది!"

సుభద్రాంబ గారు ఆ చేతులకు వెన్న రాస్తూ గుమ్మం బయటికి చూశారు. అక్కడ వీర్రాజూ అప్పన్నా ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, నావ ముందు తాడువల్ల దిగిందా వెనక తాడువల్ల దిగిందా అని ఊరు అదిరేలా పోట్లాడుకుంటున్నారు.

"పొద్దున ఒకటన్నావు, ఇప్పుడింకొకటి అంటున్నావు" అన్నారావిడ. "రెండూ నీ మాటలే నాయనా. మధ్యలో తాడు మాత్రం వదలకు."