కలివి కంచెలో ఖాళీ

అనగనగా ఒక రాజు. పేరు రత్నకేతుడు. ఆ రాజుకు ఏడుగురు కాదు, ముగ్గురే కొడుకులు. పెద్దవాడు రణకేతుడు, నడిపివాడు జయకేతుడు, కడగొట్టువాడు సోమకేతుడు. ఎన్నాళ్లకో పుట్టిన ఆడపిల్ల చెంగల్వ. ఆ పిల్ల నడిచిన చోటల్లా సోమకేతుడు వెనకాలే నడిచేవాడు, ముల్లు గుచ్చుకుంటుందేమోనని.

ముల్లంటే గుర్తొచ్చింది. ఆ ఊరి చుట్టూ వెనకటికి కలివి పొదలుండేవి. గట్టి ప్రాణమమ్మా కలివిది. నీళ్లు పోసినా బతుకుతుంది, పోయకపోయినా బతుకుతుంది. ఒంటినిండా ముళ్లు, ముళ్ల మధ్య చుక్కల్లాంటి తెల్లపూలు, ఆ తర్వాత నల్లని పుల్లటి పండ్లు. కాయ చిదిపితే పాలు కారి వేళ్లు అంటుకుపోతాయి. పిట్టా, పురుగూ, కుందేలూ అన్నీ ఆ పొదల్లోనే కాపురముండేవి. రత్నకేతుడు పట్టమెక్కిన ఏడు, తన కోట ఆమడ దూరానికి కనపడాలని వాటిని మొదలంటా కొట్టించేశాడు. పొలిమేర తల్లి రాయి ఒక్కటే ఎండలో మిగిలింది.

కోట కనపడింది. ఎవరికి కనపడకూడదో వాడికే కనపడింది.

ఏడు సముద్రాల అవతల రాతిదీవిలో శుష్కనాథుడనే మాంత్రికుడున్నాడు. పసిపిల్లల ఒంట్లోని పచ్చదనం తాగి వందల ఏళ్లుగా బతుకుతున్నాడు. ఏటా రోహిణి కార్తెలో, తొలకరికి ముందు, నేలబారు సుడిగాలై వచ్చి ఒక బిడ్డను ఎత్తుకుపోయేవాడు. మొదటి ఏడు గొర్రెల కాపరి కొడుకు మల్లణ్ణి ఎత్తుకుపోయాడు. మరుసటి ఏడు కుమ్మరివారి పిల్లను. అట్లా ఐదేళ్లలో ఐదుగురు. ఐదో ఏడు వాడు కోట గుమ్మం ముందు ఆగి, ఎండుటాకులు రాసుకున్నట్టుండే గొంతుతో అన్నాడు:

"రాజా, నీ కూతురికి ఏడేళ్లు. పదేళ్లు నిండనీ. పండు పండాక కోసుకుంటా."

రాజు ముగ్గురు కొడుకుల్నీ పిలిచాడు.

"ఊరి చుట్టూ రాతిగోడ కట్టిస్తాను" అన్నాడు రణకేతుడు.

"గోడ చాలకపోతే ముళ్లకంప కొండలా పేరుస్తాను" అన్నాడు జయకేతుడు.

సోమకేతుడు పొలిమేర తల్లి రాయి దగ్గరికెళ్లి కూలబడ్డాడు. గొర్రెల్ని తోలుకుపోతున్న బీరమ్మ ఆగింది. ఆమె మల్లడి అక్క.

"ఏం బాబూ, గొడుగు పట్టేవాడు పారిపోయాడా?"

"బీరమ్మా, మీ తమ్ముణ్ణి ఆపలేకపోయాం. మా చెల్లినీ ఆపలేమేమో."

"ఆపేది ఇక్కడుండేది. మీ నాయన కొట్టించాడు." ఆమె కర్రతో నేల మీద గీత గీసింది. "గోడకు తగిలిన గాలి పైకెక్కి దూకుతుంది. పొదలో దూరిన గాలి వెయ్యి ముక్కలైపోతుంది. ఈదురుగాలికి మా గొర్రెలు గోడ పక్కన పడుకోవు, పొద పక్కన పడుకుంటాయి. వాటికి తెలిసింది మీకు తెలీదు."

"మూడేళ్లలో పెరుగుతుందా?"

"పెరగాలి మరి. నాలుగో ఏడు నీకు లేదుగా."

ఇద్దరూ కొండెక్కి పండిన కలివిపండ్లు ఏరుకొచ్చారు. గుజ్జు కడిగి, గింజ ఆరకముందే, అదే రోజు నాటాలి. మర్నాటికి ఉంచితే సగం చచ్చిపోతుంది. ఊరి చుట్టూ రెండు వరసలు తవ్వారు. మూరకొక్క గింజ, మొదటి వరసలో సందు ఉన్నచోట రెండో వరసలో మొక్క. రాకుమారుడి అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. అన్నలు గుర్రాల మీద పోతూ నవ్వారు. చివరి గింజ తల్లి రాయి పక్కన నాటి సోమకేతుడు మొక్కుకున్నాడు:

"తల్లీ, ఈ కంచెలో తలదాచుకున్న ఏ ప్రాణికీ నా చేత్తో హాని చెయ్యను. నా చెల్లిని నాకు మిగుల్చు."

ఏడాది తిరిగింది. రోహిణి కార్తె వచ్చింది. సుడిగాలి వచ్చి రాతిగోడకు తగిలి, పైకెక్కి, రెండింతలై, గోడను కూలదోసి అవతలికి దూకింది. ఒక బిడ్డ పోయింది. రణకేతుడికి పౌరుషం పొడుచుకొచ్చింది. "వాడి ప్రాణం దీవిలో చిలకలో ఉందట. చంపే వస్తా" అని ఓడెక్కాడు. మళ్లీ రాలేదు.

వానలు పడ్డాయి. కలివి మొక్కలు తొడల దాకా లేచి నిగనిగలాడాయి. ఒకనాడు బీరమ్మ కొడవలి తెచ్చింది.

"మోకాలెత్తుకు కోసెయ్యాలి బాబూ."

"పిచ్చా నీకు? ఇప్పుడిప్పుడే ఎదుగుతుంటే?"

"ఇప్పుడు కోస్తే మొదట్లో పది చిగుళ్లు వేస్తుంది. కోయకపోతే పైన గుబురు, కింద బోసికాళ్లు. వాడు నేలబారున వచ్చేవాడు. పై గుబురు చూసుకుని మురిసిపోదామా?"

సోమకేతుడు కోశాడు. తల్లి రాయి దగ్గరికొచ్చేసరికి చెంగల్వ అడ్డంగా నిలబడింది. అక్కడ రెండు బారల మేర మొక్కలకు ఆ పిల్ల పేర్లు పెట్టుకుంది. ఒకదానికి మూడు పూలు కూడా పూశాయి.

"అన్నయ్యా, నావి కోయొద్దు. వీటికి నొప్పి పుడుతుంది."

కొడవలి ఆగిపోయింది.

"మా మల్లడు కూడా అట్లాగే అడిగేవాడు" అంది బీరమ్మ. "అడిగిందల్లా ఇచ్చేవాళ్లం. వచ్చే ఏడన్నా కొయ్యి బాబూ. మర్చిపోకు."

రెండో రోహిణి వచ్చింది. సుడిగాలి జయకేతుడి ముళ్లకంప మీద నిప్పులు ఊదింది. ఎండిన కంప కదా, భగ్గున మండింది. పచ్చటి కలివి ఆకులు కమిలాయి కాని మళ్లీ చిగిర్చాయి. ఆ పొగలో ఇంకో బిడ్డ పోయింది. జయకేతుడూ కత్తి పట్టుకుని సముద్రం దాటాడు. అతనూ రాలేదు.

అప్పుడు కంచెలోకి ప్రాణులు ఒక్కటొక్కటే రాసాగాయి. ముందుగా పికిలిపిట్ట వచ్చింది.

"రాకుమారా, గూడు కట్టుకోనిస్తావా?"

"కట్టుకో తల్లీ."

తర్వాత ముంగిస వచ్చింది. "నాకూ, నా పిల్లలకూ చోటుందా?"

"ఉంది, ఉండు."

తర్వాత తొండ వచ్చి తలాడించింది. "నాకు చోటక్కర్లేదు. కొమ్మ చివర ఎండ చాలు."

"అదీ నీదే."

పికిలి మాత్రం గూడు ఎక్కడ కట్టిందనుకున్నారు? చెంగల్వ మొక్కల్లోనే. సోమకేతుడు కొడవలి పట్టుకొచ్చి చూసేసరికి గూట్లో మూడు గుడ్లున్నాయి. తల్లి ముందు మొక్కిన మొక్కు! కొడవలి దించేశాడు. పిల్లలెగిరిపోయేసరికి కాలం మించిపోయింది. అప్పుడు కోస్తే మూడో రోహిణికి మోడే మిగులుతుంది. ఊరంతా మోకాలి కిందనుంచి చీమ దూరనంత చిక్కటి కంచె. తల్లి రాయి పక్కన రెండు బారలు మాత్రం పైన పూలు, కింద బోసికాళ్లు. అతనికి అన్నం సయించేది కాదు.

పికిలికి ఆ సంగతి తెలుసు. దాని బాధ దానిది.

"నావల్లే కదా ఆ ఖాళీ మిగిలింది. సముద్రాలు దాటే కొంగల వెంట పోయి ఆ చిలకను చూసొస్తా" అంది.

"అమ్మో, వద్దు. అన్నలే తిరిగి రాలేదు."

"వాళ్లు కత్తితో పోయారు. నేను కలివిపండుతో పోతా."

పోయింది. నెలలు గడిచాక రెక్కలు చీకిపోయి తిరిగొచ్చింది.

"చిలకకు పంజరం లేదు రాకుమారా. ఆ దీవిలో గడ్డిపోచ కూడా లేదు, ఇంకెక్కడికి పోతుందని పంజరం? గొంతులో నల్లపూసంత ప్రాణం అడ్డుపడి, వందేళ్లుగా దానికి ఆకలే లేదు. నేనిచ్చిన పండు నమిలింది. పుల్లగా తగిలేసరికి కళ్లు మూసుకుంది. 'ఇంకోటి ఉందా?' అనడిగింది. 'కంచె నిండా ఉన్నాయి' అని చెప్పొచ్చా." ఇంకా చెప్పింది, "నీ అన్నలు ఒడ్డున ఎండుకట్టెల్లా నిలబడున్నారు. పిల్లలూ అంతే."

మూడో రోహిణి వచ్చింది. చెంగల్వకు పదేళ్లు నిండాయి. మిట్టమధ్యాహ్నం కొమ్మ చివరనున్న తొండ గబగబా తలాడించింది.

"వస్తున్నాడు! వస్తున్నాడు! నేల వణుకుతోంది!"

సుడిగాలి వచ్చి కంచెకు తగిలింది. చొరబడలేక ముక్కలు ముక్కలైంది. ముక్కలన్నీ ఏరుకుని మళ్లీ లేచింది. ఊరి చుట్టూ కుక్కలా వాసన చూస్తూ తిరిగింది. ఒక చుట్టు, రెండు చుట్లు. మూడో చుట్టులో తల్లి రాయి పక్కన ఆగింది.

"ఆహా! నాకోసం గుమ్మం కూడా పెట్టావా?"

దుమ్ములోంచి ఎండిన చెయ్యొకటి బోసికాళ్ల మధ్య దూరింది. సోమకేతుడు ఇంకేమీ ఆలోచించలేదు. ఆ ఖాళీలో బోర్లా పడి, రెండు వైపులా మొదళ్లను కౌగిలించుకుని, తన ఒంటితో సందు మూశాడు. ముళ్లు ఒళ్లంతా దిగాయి. మాంత్రికుడు అతని ఎడమచెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్న వేలినుంచి మొదలై చెయ్యి ఎండిపోసాగింది, వేలు, మణికట్టు, మోచెయ్యి.

"వదులు బాబూ, చచ్చిపోతావ్!" బీరమ్మ చెంగల్వను గట్టిగా పొదివి పట్టుకుని అరిచింది.

"వదిలితే ఎవరు చస్తారో నీకు తెలీదా బీరమ్మా?"

సరిగ్గా అప్పుడు ఆకాశంలోంచి ఒక చిలక తూలుతూ వచ్చి అతని పక్కనే కంచె కింది కొమ్మ మీద వాలింది. వాలీ వాలగానే పండ్లు తినడం మొదలుపెట్టింది.

మాంత్రికుడి గొంతు మారిపోయింది. "అది... అదిక్కడికెందుకు వచ్చింది?"

"బాబూ, చిలక నీ కుడిచేతికి అందుతుంది! మెడ విరిచెయ్!" అంది బీరమ్మ.

సోమకేతుడు చూశాడు. నిజమే, జానెడు దూరం. అది అతనికేసి చూసి, బెదరకుండా ఇంకో పండు తెంపింది. నమ్మి వచ్చిన ప్రాణం. మోచెయ్యి దాటి ఎండుతోంది. కళ్లు బైర్లు కమ్ముతున్నాయి.

"తల్లీ, మాట ఇచ్చాను" అని కుడిచెయ్యి మొదలు చుట్టూ మరింత బిగించాడు.

శుష్కనాథుడు చిలక కోసం చెయ్యి వదిలేసి, ఒళ్లంతా కంచెలోకి చొప్పించాడు. గాలిగా పోతే ముక్కలైనా మళ్లీ అతుక్కోవచ్చు. పట్టుకోవాలంటే ఒళ్లు కావాలి కదా. ఒళ్లు తెచ్చుకున్నాడు. ముళ్లు దిగాయి. వెనక్కి లాక్కుంటే వెనకముళ్లు, ముందుకు తోసుకుంటే ముందుముళ్లు. ఈలోగా చిలక ఒక పచ్చికాయ కూడా మింగింది. ఆ జిగురుపాలకు గొంతులోని పూస అంటుకుంది. దగ్గింది, ఉక్కిరిబిక్కిరైంది, పాలతోపాటు పూసనూ కక్కేసింది. అది దొర్లి మొదట్లో పడింది. ముంగిస బొరియలోంచి ముందుకు దూకి పటుక్కున కొరికింది.

అంతే. కంచెలో బూడిద రాలింది. ఆ సాయంత్రమే తొలకరి పడి దాన్ని కడిగేసింది.

నెల తిరిగాక రాతిదీవి నుంచి ఓడ వచ్చింది. వాడు చావగానే అక్కడ ఒంట్లో ఏ కాస్త పచ్చి మిగిలినవాళ్లూ లేచారు. జయకేతుడు ఒక్కో చేత్తో ఒక్కో బిడ్డను పట్టుకుని దిగాడు. ఏడుగురు పిల్లల్లో ఆరుగురు దిగారు. ఆఖరున రణకేతుడు, జుట్టంతా నెరిసిపోయి, తలపాగా గుడ్డలో ఒక ఎండుకర్రను పసిబిడ్డలా చుట్టి తెచ్చి బీరమ్మ ముందు తల దించుకున్నాడు.

"అందరికంటే ముందు పోయినవాడు. ఏమీ మిగల్లేదమ్మా."

బీరమ్మ ఏడవలేదు. కర్రను తీసుకెళ్లి తల్లి రాయి పక్కన ఖాళీలో నాటింది. రోజూ నీళ్లు పోసింది. పోలేరమ్మకు పొంగలి పెట్టింది. వానాకాలమంతా చూసింది. చిగురు వెయ్యలేదు, నాయనలారా. అన్ని కర్రలూ చిగురించవు.

అప్పుడు సోమకేతుడు కొండెక్కి, ఒంటిచేత్తో పండ్లు కోసుకొచ్చి, అదే రోజు ఆ కర్ర చుట్టూ గింజలు నాటాడు. ఎడమచెయ్యి కట్టెలా వేలాడుతుండేది, ఇక ఎప్పటికీ పచ్చబడలేదు. ఏడాదికి మొక్కలు తొడలదాకా లేచాయి. కొడవలి తీసుకున్నాడు. ఒక చేత్తో పట్టుకోవడం, కోయడం ఎట్లా? బీరమ్మ వచ్చి మొక్క పట్టుకుంది.

"ఈసారి కోస్తావా?"

"కోస్తాను."

"మోకాలెత్తుకే."

"మోకాలెత్తుకే."

చెంగల్వ పక్కనే నిలబడి కళ్లు మూసుకుంది గాని అడ్డం రాలేదు.

రత్నకేతుడు కిరీటం తీసి కడగొట్టు కొడుకు తల మీద పెట్టాడు. సోమకేతుడికీ బీరమ్మకీ కంచె పక్కనే, ఊరంతా చూస్తుండగా పెళ్లైంది. తలంబ్రాల్లో కలివిపూలు కలిపారు. తాళి ముడివెయ్యడానికి వరుడికి రెండో చెయ్యి ఆడకపోతే, రణకేతుడు తన చెయ్యి అందించాడు. ఆ కొత్త రాజు చాలా కాలం ఏలాడు. ఆయన పెట్టిన కట్టడి ఒక్కటే. మొక్క లేతగా ఉన్నప్పుడు ఎవరడ్డం వచ్చినా కోయాలి, గూటిలో గుడ్డు ఉన్నప్పుడు ఎవరు చెప్పినా కోయకూడదు.

ఆ ఖాళీ పూడిపోయింది. ఎంత చిక్కగా పూడిందంటే, లోపల ఆ ఎండుకర్ర ఎక్కడుందో ఎవరికీ కనపడదు. బీరమ్మకు మాత్రం తెలుసు. ఏటా మొదటి పండు అక్కడే పెట్టేది. పికిలిపిట్ట వచ్చి తినిపోయేది.

కథ పొద చేరుకుంది, మనం దణ్ణం పెట్టుకుని పక్క చేరుకుందాం.