తొమ్మిది ఎత్తుల కాగితం

"బిరుదు బతికున్నంతకాలం ఆయనదే కదా మాస్టారూ! ఆ అర పాయింటు నాకు వదిలేస్తే ఆయన సొమ్మేం పోయింది?"

విశాఖలో చదరంగం పోటీలు ముగిసిన మర్నాడు హైమావతి తన గురువు బొడ్డేపల్లి మాస్టారిని నిలబడే అడిగిన మాట ఇది. ఆఖరి ఆట డ్రా అయితే చాలు, గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఆమెకు వచ్చేది. ఎదుట కూర్చున్నది గ్రీసు దేశపు గ్రాండ్‌మాస్టర్ కరవేలిస్, అరవై ఏడేళ్ల మనిషి. పదో ఎత్తు దగ్గర ఆమె డ్రా అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపి, ఐదు గంటలు ఆడి ఓడించాడు.

"అందరూ చేసేదే కదండీ. ముందురోజే మాట్లాడుకుంటారు. నాలుగు ఎత్తులు వేసి, చేతులు కలిపి, టీకి పోతారు."

"పోతారు, సిగ్గులేక!" మాస్టారు బల్ల చరిచారు. రెండు పావులు దొర్లిపడ్డాయి.

ఆ కోపం న్యాయమైనదే. ఈ పనికి స్నేహమని పేరు పెట్టిన పెద్దమనుషుల్ని నేనూ చూశాను. ఆడకుండానే ఆడామని సంతకం పెట్టడం స్నేహమైతే, దొంగతనానికి ఇంకేం పేరు పెడతారో!

తరవాత మాస్టారు చెప్పింది ఇది. కరవేలిసే ఆయనకు టిఫిను దగ్గర చెప్పాడట.

గ్రీసులోని పిరేయస్ రేవులో ఓడలు బాగుచేసే కార్మికులకు ఒక చదరంగం క్లబ్బు ఉండేది. కరవేలిస్‌కు ఆట నేర్పింది అక్కడే, మనోలిస్ అనే వెల్డరు. తమవాడు ఎవడైనా బయట గొప్ప ఆట ఆడివస్తే, ఆడుతూ ఎత్తులు రాసుకున్న కాగితాన్ని వాళ్లు గోడకు తగిలించేవారు. పని దిగి వచ్చినవాళ్లు దాన్ని చూస్తూ ఆ ఆటను మళ్లీ ఆడుకునేవారు. ఇరవై ఆరో ఏట కరవేలిస్, ముందే మాట్లాడుకున్న డ్రాతో బిరుదు తెచ్చుకున్నాడు. "కాగితం ఏదిరా?" అన్నాడు మనోలిస్. ఎంత నసిగినా వదలక, తీసుకుని తగిలించాడు. తొమ్మిది ఎత్తులు. కిందంతా ఖాళీ గీతలు.

సాయంత్రం మసి చేతులతో వచ్చినవాళ్లు పావులు పేర్చి తొమ్మిది ఎత్తులూ వేశారు.

"తరవాత?" అన్నాడొకడు.

మిగిలినవాళ్లు పావులు పెట్టెలో సర్దేసి ఇళ్లకు పోయారు.

"అది మొదలు నలభై ఏళ్లు దేశాలు తిరిగి ఆడాడు. గెలిచాడు, చిత్తుగా ఓడాడు. ఆ కాగితం మాత్రం ఇంకా ఆ గోడ మీదే ఉందట. తీసెయ్యమనడానికి ఆయనకు నోరు రాలేదట" అని ముగించారు మాస్టారు.

హైమావతి కుర్చీలో కూర్చుంది. "నా బిరుదు పోయింది మాస్టారూ."

"పోయింది. నీ ఆట ఎన్ని ఎత్తులు?"

"డెబ్భై నాలుగు. కాగితం చాలక ఇంకోటి అడిగి తీసుకున్నాను."

మాస్టారు లేచి, సొరుగులోంచి సుత్తి, మేకులు తీశారు.

"రెండూ ఇలా ఇయ్యి."