పదకొండు పేర్ల చెంబు

"గురువుగారూ, మనసులో తిట్టుకునేవాడి బొమ్మ ఇంట్లో పెట్టుకోవచ్చా?"

జగ్గప్ప అడిగిన ప్రశ్న ఇది. కోరుగిరి కోట వారసులు తమ తాతగారి పట్టాభిషేకానికి నూరేళ్ళు నిండాయని ఆ నెలలో ఉత్సవం తలపెట్టారు. సంస్థానం పోయి నలభై ఏళ్ళు కావస్తోంది. అయినా కోట గుమ్మంలో అంగడి తెరిచి, ఆ రాజావారి ముఖం అచ్చువేసిన పింగాణీ పళ్ళేలు అమ్మిస్తున్నారు. అంచుకి బంగారు రంగు, వెనక గోడకి తగిలించడానికి కొక్కెం. జగ్గప్ప రెండుసార్లు అంగడి దాకా వెళ్ళి రెండుసార్లూ ఉత్తచేతులతో తిరిగివచ్చాడు. వాళ్ళమ్మ ఆ రాజు పేరు వింటే ఇప్పటికీ చేతులు జోడిస్తుంది. ఆయన తవ్వించిన కాలువ నీళ్ళతో పండిన గింజలే ఆ ఇంటిని పెంచాయి. ఆ కాలువ పనిలో తిన్న కొరడా వాతలు మాత్రం వాళ్ళ తాత వీపు మీద చచ్చేదాకా మాయలేదు. తల్లి పళ్ళెం తెమ్మంటోంది. భార్య, "తినడానికి కంచాలు చాలక ఏడుస్తుంటే గోడకో కంచమా?" అంటోంది. పోయిన తాతేమో మాట్లాడడు, కాని జగ్గప్ప అంగడి ముందు నిలబడ్డప్పుడల్లా ఆ వీపే కళ్ళముందు కనిపిస్తోంది.

మా గురువుగారు పరదేశయ్యగారు కొబ్బరి పీచుతో తాళ్ళు పేని బతికేవారు. ఎవరు ఏమడిగినా చేతిలో ఉన్న తాడు పేట ముగిసేదాకా నోరు విప్పేవారు కారు. అడిగినవాడికి జవాబు కావాలో, అడిగానన్న తృప్తి చాలో ఆలోపు తేలిపోతుందనేవారు. చాలామంది మధ్యలోనే లేచిపోయేవారు. ఆ రోజు జగ్గప్ప లేవలేదు.

"కొని, బొమ్మని గోడవైపు తిప్పి తగిలించు జగ్గప్పా," అన్నాడు మాలో ఉన్న నీలకంఠం. "అమ్మా సంతోషిస్తుంది, తాతా సంతోషిస్తాడు."

మేమంతా నవ్వాం. గురువుగారు నవ్వలేదు. పేట ముడివేసి పక్కన పెట్టి, వాళ్ళ అమ్మమ్మ కళ్ళారా చూసిన సంగతి ఒకటి చెప్పారు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

ఆ రాజావారి పాలన ఇరవై అయిదో ఏట కాలువ పూర్తయింది. తవ్వింది వెట్టివాళ్ళు. ఇంటికో మనిషి తన పార, తన గంజి తానే తెచ్చుకుని పనికి రావాలి. పొద్దున్నే మేస్త్రీ అందరినీ గట్టు మీద వరసగా నిలబెట్టి పేర్లు పిలిచేవాడు. పిలిచినవాడు "ఉన్నా" అనాలి. మొదటిరోజు ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారో ఆఖరు దాకా అదే వరస. తొమ్మిదో నెలలో మూడో తూము దగ్గర కట్ట విరిగిపడి పదకొండుగురు బురదలో కూరుకుపోయారు. తన ప్రాణం మీదికి వస్తుందని భయపడ్డ మేస్త్రీ ఆ సాయంత్రం దివాణానికి వేరే మాట రాసి పంపాడు. పదకొండుగురూ పరారీ అని.

చూసినవాళ్ళు వందలమంది. నోరు విప్పినవాడు ఒక్కడూ లేడు. పాపం, భయపడ్డారని లోకం వాళ్ళని క్షమించింది. పక్కనున్నవాడి చావుని దాచిన భయం క్షమించదగింది కాదు.

వెట్టి నుంచి పరారీ అయినవాడి పొలానికి కాలువ నీరు లేదని సంస్థానం చట్టం. ఆ పదకొండుగురిలో గవరయ్య ఒకడు. అతని భార్య పారమ్మకి ఒక్క సాయంత్రంలో భర్త పోయాడు, అతని పేరు పోయింది, వాళ్ళకున్న అరెకరానికి రాబోయే నీరూ పోయింది. తిండి లేకపోతే కూలికి వెళ్ళి తెచ్చుకోగలదు. మొగుడు పిరికివాడై పారిపోయాడన్న మాటని మాత్రం ఏ కూలి పని చేసి తీర్చగలదు?

ఇలా ఉండగా ఊరూరా దండోరా వేశారు. కాలువకి నీరు వదిలే రోజు పండగ. ఆ రోజుకి గుర్తుగా దివానుగారు ఇత్తడి చెంబులు పోయించారు. వాటి మీద రాజావారి ముఖం పైకి ఉబికి ఉంటుంది. కింద "ఈ కాలువ తవ్వించిన ప్రభువు" అని అక్షరాలు. నీరు పారే పొలమున్న ప్రతి ఇల్లూ ఒక చెంబు కొని, ఆ రోజు దాన్ని కాలువలో ముంచి గట్టు మీద నిలబడాలి. రాజావారు నడిచివస్తూ ఒక్కొక్క చెంబులో ఒక్కొక్క పువ్వు వేస్తారు. ప్రభువు ముఖమున్న చెంబుని సొట్ట పెట్టినా, కరిగించినా, ఆకురాయితో గీకినా శిక్ష తప్పదు.

పరారీ ఇళ్ళవాళ్ళు కొనాలని ఎవరూ అడగలేదు. పారమ్మ తనకున్న ఒక్క మేకనీ అమ్మి కంచరి లింగాచారి దుకాణానికి బయల్దేరింది. దారిలో చాకిరేవు దగ్గర ఆడవాళ్ళు ఊరుకోలేదు.

"ఏటే పారమ్మా, మొగుణ్ణి మింగిన కాలవకి సెంబు కొంతావేటే?"

"పసుపూ కుంకమా కూడా ఎట్టి పూజ సేత్తాదేమో!"

"ఎడతాను. ముందు సెంబు కొననియ్యండి," అని ఆమె ఆగకుండా నడిచింది.

కంచరి దుకాణంలో చెంబు కొన్నా చట్టి కొన్నా, దాని మీద పేరు చెక్కించుకోకుండా ఎవరూ గుమ్మం దిగరు. పెళ్ళిళ్ళలో, బంతి భోజనాల్లో గిన్నెలు కలిసిపోతే ఎవరివి వాళ్ళకి చేరాలి కదా. లింగాచారి అలవాటు చొప్పున పేర్లు చెక్కే సన్నటి ఉలి, చిన్నసుత్తి తీసుకుని, "పేరెవరిదమ్మా?" అన్నాడు.

"గవరయ్యది."

లింగాచారి సుత్తి దించాడు. "అతని పేరు సంస్థానం లెక్కల్లో ఎలా ఉందో తెలుసు కదా?"

"అందుకే ఇక్కడ సక్కగా రాయమంతన్నాను. ఇంకా పది పేర్లున్నాయి. అన్నీ రాయాల."

"చెంబుకి ఒక పేరు చాలునే."

"ఒకటే రాయాలని దండోరాలో సెప్పినారేటి?"

లింగాచారి గుర్తుచేసుకున్నాడు. సొట్ట అన్నారు, కరిగించడం అన్నారు, గీకడం అన్నారు. పేర్ల మాట లేదు. పేరు లేని గిన్నె ఉంటుందని ఆ నియమాలు రాసినవాళ్ళకి తోచలేదు. వాళ్ళ ఇళ్ళలో గిన్నెల మీదా పేర్లున్నాయి.

"ఎక్కడ మొదలెట్టమంటావు?" అన్నాడు చివరికి.

"రాజుగారి సెవి పక్కనించి. ఆయనకి ఇనపడాల."

లింగాచారి నవ్వాడు. తర్వాత నవ్వినందుకు సిగ్గుపడ్డాడు. పారమ్మకి చదువు రాదు. గట్టు మీద నిలబడ్డ వరసలోనే ఆమె పదకొండు పేర్లూ చెప్పింది. చుక్క చుక్కగా చెక్కుతూ అతను చెంబు చుట్టూ తిరిగి మళ్ళీ రాజుగారి రెండో చెవి దగ్గర ఆగాడు. ఆమె పేరు పేరునా చదివించుకుని, వేలితో తడిమి చూసుకుంది. పేర్లు చెక్కిన కూలి లింగాచారి పుచ్చుకోలేదు. ఆ సాయంత్రం తక్కిన పది ఇళ్ళ ఆడవాళ్ళూ వచ్చి ఆ చెంబు చూశారు. మా గురువుగారి అమ్మమ్మ వాళ్ళలో ఒకతె. మర్నాడు లింగాచారికి మధ్యాహ్నం భోజనానికి లేచే తీరిక లేదు.

పండగనాడు గట్టు పొడుగునా జనం. తవ్వినవాళ్ళందరూ పారలతో రావాలని ఆజ్ఞ, చూపుకి బాగుంటుందని. పారమ్మ చెంబు ముంచుకుని మూడో తూము దగ్గర నిలబడింది. దివాణం గుమాస్తా ఆమెని చూసి కసిరాడు.

"పరారీ ఇంటిదానివి, నీకిక్కడేం పని? దిగు!"

"ప్రభువుగారి ముఖం పట్టుకుని దిగిపొమ్మంతావేటి బాబూ? ఆయన్ని గట్టు దింపేసినట్టు కాదేటి?"

గుమాస్తాకి ఏం చెయ్యాలో తోచేలోపు రాజావారు అక్కడికి వచ్చేశారు. పువ్వు వెయ్యబోయి చేయి ఆపారు. చెంబు మీద తన చెవి పక్కనున్న అక్షరాలు ఆయన కంటపడ్డాయి.

"ఇవేం పేర్లు?"

"కాలవ తవ్వినోళ్ళవి బాబూ. తవ్వించినోరి పేరు తవరే ఏయించినారు. తవ్వినోళ్ళవి నాను ఏయించినాను."

"పరారీ అయినవాళ్ళు ప్రభూ," అన్నారు దివానుగారు. "ఆచారీ, ఇలా రా! ఆకురాయి పెట్టి ఆ పేర్లన్నీ ఇప్పుడే గీకెయ్."

లింగాచారి జనంలోంచి వచ్చి చేతులు కట్టుకున్నాడు. "తమరి దండోరాయే దివానుగారూ. ఆ చెంబు మీద ఆకురాయి పెట్టినవాడికి శిక్ష అన్నారు. నేను పెట్టను."

అప్పుడు గట్టు మీద ఇక్కడొకటి, అక్కడొకటి పది చెంబులు పైకి లేచాయి. పదింటి మీదా అవే పేర్లు. పదింటి మీదా ప్రభువు ముఖం. కొరడా పట్టుకున్న బంట్రోతులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

రాజావారు చెంబుని గుమాస్తా వైపు చూపించారు. "చదువు."

"గవరయ్య," అని చదివాడు గుమాస్తా.

తొమ్మిది నెలలు గవరయ్య పక్కన నిలబడి, ఆ సాయంత్రం నోరు మూసుకుని ఇంటికి వెళ్ళిపోయిన జోగులనే మనిషి జనంలో ఉన్నాడు. అతను పార పైకెత్తి, గొంతు పగిలేలా, "ఉన్నాడు!" అన్నాడు.

"దాలినాయుడు."

"ఉన్నాడు!" ఈసారి పదిమంది.

"సోములు."

"ఉన్నాడు!" ఈసారి ఎవరెవరన్నారో చెప్పలేం. ప్రతి పేరుకీ గట్టు ఈ చివరినుంచి ఆ చివరికి పలికింది. అన్నాళ్ళూ మూసుకున్న నోళ్ళు ఆ ఒక్క మాట కోసమే మూసుకున్నాయా అనిపించిందట. పదకొండో పేరు చదివేసరికి గుమాస్తా గొంతు వాళ్ళ కేకలో వినపడనే లేదు. అయినా ఆ పేరేమిటో అందరికీ తెలుసు, అందరూ పలికారు.

రాజావారు దివానుగారితో, "అందరూ హాజరే కదా. పరారీ కొట్టెయ్యండి. ఆ పదకొండు పొలాలకి ముందు నీరు వదలండి," అన్నారు. పువ్వు పారమ్మ చెంబులో వేశారు.

ఆమె ఆ చెంబు నెత్తిన పెట్టుకుని నీళ్ళకి ముందు నడిచింది. వెనక పది చెంబులు, వాటి వెనక పారలు. కాలువ నీరు ఆమె అరెకరంలోకి దిగినప్పుడు జనం వేసిన కేక కోట దాకా వినపడిందట. ఆ ఊళ్ళో మళ్ళీ ఎవరూ గవరయ్యని పారిపోయినవాడు అనలేదు.

"రాజావారు సిగ్గుపడి చేశారా, నాలుగువేల మంది చేతుల్లో పారలున్నాయని చూసి చేశారా, మా అమ్మమ్మకి తెలీదు," అన్నారు గురువుగారు. "రెండు మాటలూ చెప్పేది. రెండిట్లో ఏదీ తీసెయ్యనిచ్చేది కాదు. మరుసటేడు రోడ్డు పనికి మళ్ళీ వెట్టికి పిలిచారు. అది పోడానికి ఇంకా ముప్ఫై అయిదేళ్ళు పట్టింది."

జగ్గప్ప మాత్రం తన ప్రశ్న వదల్లేదు. "అయితే నన్ను ఆ పళ్ళెం కొనమంటారా, వద్దంటారా గురువుగారూ?"

"కొన్నా, కొనకపోయినా చాలామంది పని అంగడి గుమ్మం దిగేసరికి అయిపోతుంది జగ్గప్పా," అన్నారాయన. "పారమ్మకి అక్కడ మొదలైంది."