డ్రిల్లు మాస్టారి ఎయిర్ గన్

మా సూరిదాసు తాతగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కారు, పని చెప్పేవారు. నాగావళి ఒడ్డున ఉన్న ఆ చిన్న మఠంలో నేను పదేళ్ళు ఆయన దగ్గర శిష్యరికం చేశాను. ఆ పదేళ్ళలో వేదాంతం ఎంత ఒంటబట్టిందో తెలీదు గానీ, బావిలో పూడిక తియ్యడం, పెంకులు సర్దడం మాత్రం బాగా వచ్చాయి.

ఒక వేసవిలో భుజంగరావు గారు వచ్చారు. హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. తాతగారి ముందు కూర్చున్నా అటెన్షన్‌లో నిలబడ్డట్టే ఉండేవారు. "తాతగారూ, వేలమంది పిల్లల్ని కదలకుండా నిలబెట్టాను. నా మనసొక్కటే నా మాట వినదు. జపానికి కూర్చుని ఎంత గట్టిగా పట్టుకున్నా ఎగురుతోంది. ఇంకెంత గట్టిగా పట్టుకోవాలి?" అని అడిగారు. ఆ గొంతులో నిజంగానే బాధ ఉంది.

తాతగారు, "నీ దగ్గర ఎయిర్ గన్ ఉందన్నావు కదూ? తీసుకురా. విత్తనాల గదిలో ఎలకలు పడ్డాయి" అన్నారు.

ఆ విత్తనాలు మఠానివి కావు, మాకు వంట చేసే పైడమ్మవి. తన పాక కురుస్తుందని, ఎకరం పొలానికి కావలసిన ఎర్రవడ్లు రెండు మూటలు కట్టి వంటింటి పక్కగదిలో పెట్టుకుంది. వాళ్ళ అత్తగారి నాటి నుంచి వస్తున్న రకం, ఏ కొట్లోనూ దొరకదు. అప్పటికే ఒక మూట ఎలకల పాలైంది. రెండోదీ పోతే రోహిణి కార్తెలో నారు పొయ్యడానికి గింజ ఉండదు, ఆ రకమే ఇక ఉండదు. బోను పెడితే ఎలకలు దాని మీంచే నడిచి వెళ్ళాయి. మందు పెడదామంటే వడ్లలో కలుస్తుందని భయం. మఠంలో ఈ హింస ఏమిటని నేను సణిగాను. "ఆ మాట వెళ్ళి పైడమ్మతో చెప్పిరా" అన్నారు తాతగారు. నేను వెళ్ళలేదు.

మర్నాడు పొద్దున్నే కిటికీలోంచి ఎండ దూలం మీద పడుతుండగా వేట మొదలైంది. మాస్టారు తుపాకీ గొట్టాన్ని కిందికి వంచి, లోపలి స్ప్రింగు బిగించి, సీసపు గుండు పెట్టారు. వెనక చెక్కని భుజానికి అదిమి, దవడ బిగించి, తుపాకీని నలిపేసేటట్టు పట్టుకుని పేల్చారు. ఎలక దూలం మీదే ఉంది, దాని పక్కనున్న పెంకు పగిలింది. రెండోసారి ఇంకా గట్టిగా పట్టుకున్నారు. ఉట్టి మీది మజ్జిగ కుండకి చిల్లుపడి, మజ్జిగంతా ఆయన నెత్తిమీదే కారింది. మూడో గుండు ఎటు పోయిందో ఇప్పటికీ తెలీదు. నాకు నవ్వాగలేదు గానీ, ఆయన ముఖం చూశాక ఆగింది. "ఎన్‌సీసీలో గురికి నాకు కప్పొచ్చిందయ్యా" అన్నారు, మజ్జిగ తుడుచుకోకుండానే.

గుమ్మంలో నిలబడ్డ పైడమ్మ ఇక ఉండబట్టలేక, "ఇలగియ్యి బాబూ" అని తుపాకీ అందుకుంది. అప్పుడు తెలిసింది మాకు, ఆవిడా పోయిన ఆవిడ మొగుడూ ఇరవై ఏళ్ళు తీర్థాల్లో, జాతరల్లో తుపాకీతో బుడగలు పేల్చే కొట్టు నడిపారని. పైడమ్మ తుపాకీని ఎడమ అరచేతి మీద ఊరికే ఆనించింది, పట్టుకోలేదు. భుజానికి అలా తాకించిందంతే. టప్పుమంది, దూలం మీంచి ఒక ఎలక కిందపడింది.

"దీన్లోపల స్ప్రింగున్నాది బాబూ. గుండు బయటికెళ్ళకముందే ఇది ముందుకీ ఎనక్కీ ఎగురుతాది. నువ్వు పీక పిసికితే నీ మీద తిరగబడి గుండుని పక్కకి తోసెత్తాది. ఎగిరితే ఎగరనీ, నువ్వు ఎలకని సూడు" అంది పైడమ్మ. ఊరుకోకుండా ఇంకో మాట కూడా అంది. "గట్టిగా పట్టుకునే బాబుల మీదే మేం ఇరవై ఏళ్ళు బతికినాం."

మాస్టారికి ఆ మాటకి కోపం రాలేదు. అందుకే ఆయనంటే నాకు ఇష్టం. తల తుడుచుకుని, మళ్ళీ గొట్టం వంచి గుండు పెట్టారు. ముప్ఫై ఏళ్ళ అలవాటు కదా, వేళ్ళు వాటంతటవే బిగుసుకుంటుంటే పైడమ్మ పక్కనుంచి "అదిగదిగో" అని హెచ్చరించేది. మొదటి గుండు జానెడు దూరంలో పోయింది. రెండోది, మూట మీదికి దిగబోతున్న ఎలకని పడగొట్టింది. అన్నిట్లోకీ అదే పెద్దది.

వారం పాటు పొద్దుటి పూట ఇదే పని. చచ్చినవి చావగా మిగిలిన ఎలకలు గది ఖాళీ చేసి పోయాయి. పైడమ్మ రెండో మూట విప్పి, దోసిట్లోకి ఎర్రవడ్లు తీసుకుని చూసుకుంటూ నవ్వుతూనే ఏడ్చింది. సగం పొలానికైనా నారు పొయ్యడానికి గింజ దక్కింది. మా అందరికీ ప్రాణం లేచొచ్చింది.

ఆ సంబరంలో మాస్టారు తాతగారి దగ్గరికి పరుగెత్తారు. "తాతగారూ, ఈ విచిత్రం విన్నారా? తుపాకీ ఇప్పుడూ ఎగురుతూనే ఉంది. మొదటి రోజు ఎంత ఎగిరిందో అంతే ఎగురుతోంది. అయినా గుండు తగులుతోంది!"

తాతగారు విస్తరి కుడుతున్నారు. తల ఎత్తకుండానే అన్నారు.

"మరి ఆ రోజు నువ్వు నాతో చెప్పుకున్న జపం కష్టం కూడా, ఎగురుతోందనే కదయ్యా?"