నాంచారమ్మ సైకిల్ నడుము

గురువు అనగానే గడ్డం ఉండాలని మనకో అలవాటు. జుబేదా ఆపాకు గడ్డం లేదు, గోళ్ళలో గ్రీజు ఉంది. రేపల్లెలో ఆమె నడిపే సైకిల్ షాపు బోర్డు మీద ఇప్పటికీ తండ్రి ఖాదర్ సాయిబు పేరే కనిపిస్తుంది. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. పని నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలు ఏదైనా అడిగితే ఆమె జవాబు చెప్పదు, చేతికో పనిముట్టు ఇస్తుంది. దానితో జవాబు దొరకలేదంటే ప్రశ్న సరిగ్గా అడగలేదని ఆమె నమ్మకం.

ఆ రోజు శిష్యురాలు సువార్త అడిగింది: "ఆపా, పాతదాన్ని బాగుచెయ్యడమంటే దాన్ని ఎంత వెనక్కి తీసుకెళ్ళాలి?"

అడగడానికి కారణం ఎదురుగా బల్లకు బిగించి ఉంది. అరవై ఏళ్ళ నాటి ఉక్కు ఫ్రేము. తెచ్చినవాడు శశిభూషణ్. పాత సైకిళ్ళు పోగుచేసి, తళతళలాడించి, ఆదివారాలు పదిమందికి చూపించుకోవడం అతని సరదా. ఇది మాత్రం అతని అమ్మమ్మ నాంచారమ్మది. ఆవిడ ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి కాన్పులు చేసిన నర్సు. సైకిలు మగవాళ్ళదే. కానీ సీటుకూ హ్యాండిలుకూ మధ్య అడ్డంగా ఉండాల్సిన బారు పైన లేదు. ఎవరో దాన్ని కోసి, ఏటవాలుగా కిందికి దించి అతికారు. ఆ కింది అతుకు దగ్గర ఇప్పుడు గోరు దిగేంత పగులు.

"ఎవడో బుద్ధిలేనివాడు ఖరాబు చేశాడండీ. ఆ కింది బారు కోసేసి పైన కొత్తది వెయ్యండి. ఒరిజినల్‌గా ఉండాలి. కుదరదంటే పాత ఇనుముకి వేసేస్తాను. అమ్మమ్మకి చెప్పలేదు. చూసి ఆశ్చర్యపోవాలి," అని చెప్పి వెళ్ళాడు శశిభూషణ్.

మనల్ని ఆశ్చర్యపరచాలనుకునే మగవాళ్ళు ముందుగా మనల్ని అడగరు. అడిగితే సరదా ఏముంటుంది?

జుబేదా ఆ పని మొత్తం సువార్తకే వదిలేసింది. అతుకులు వేసే గ్యాస్ మంట ఇంతవరకు సువార్త చేతికి రాలేదు, ఈ ఫ్రేముతోనే మొదలు. మొదటి పని మచ్చలేకుండా రావాలని ఆ పిల్ల ఆరాటం. పగులు ఒక్కటే అతికితే ఎవడో చేసిన తప్పుకు తను మెరుగు పెట్టినట్టవుతుంది. కోసేస్తే, ఆ కోసినది మళ్ళీ రాదు. హాక్సా రంపం పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

జుబేదా రంపం తీసుకుని ఆ చేతిలో గరుకు కాగితం పెట్టింది. "ముందు రంగు గీకు. ఏం కోస్తున్నావో చూసి కొయ్యి."

రంగు పొరలుపొరలుగా రాలింది. నలుపు, దాని కింద ఆకుపచ్చ, మళ్ళీ నలుపు. హ్యాండిలు వెనక, పాత బారు తెగిన చోట, బొటనవేలంత మొండి మీద ఇనుము బయటపడింది. తుప్పు తిని అరిగిపోయిందనుకుంది సువార్త. వేలితో తడిమింది. తుప్పు తిన్న ఇనుము గరగరలాడాలి. ఇది చింతగింజలా నున్నగా ఉంది. అంచంతా ఎవరో గుండ్రంగా తీర్చారు.

"ఆపా, ఇది ఆకురాయి పని."

"ఊఁ."

"బుద్ధిలేనివాడైతే కోసి పారేసి పోతాడు కదా. ఇంతసేపు కూర్చుని అరగదీస్తాడా?"

జుబేదా జవాబు చెప్పేలోపే షాపు ముందు ఆటో ఆగింది. ఇంట్లో సైకిలు కనపడక మనవణ్ణి నిలదీసి, వాణ్ణి వెంటబెట్టుకునే దిగింది నాంచారమ్మ.

"ఎక్కడే నా సైకిలు? కోసేశారా?"

"ఇంకా లేదు మామ్మగారూ," అంది సువార్త.

"బతికించావు తల్లీ."

శశిభూషణ్ నసిగాడు. "ముందున్నట్టు చేయిద్దామని అమ్మమ్మా..."

"ముందెట్టా ఉందో నీకేం తెలుసురా? చీర కట్టుకుని ఎక్కావా?" స్టూలు లాక్కుని కూర్చుందావిడ. "మా తమ్ముడు వాడి వదిలేసిన సైకిలిది. లేడీస్ సైకిలు అప్పట్లో ఈ ఊళ్ళో ఎవరు చూశారు? ఆ బారు మీదుగా కాలు తిప్పుతుంటే అరుగుల మీద మగాళ్ళు పేకాట ఆపి మరీ చూసేవాళ్ళు. ఆ సిగ్గుకి సైకిలు ఇంట్లో పెట్టి నడిచేదాన్ని. ఒకసారి లంక ఊళ్ళో కాన్పని కబురొచ్చింది. నడిచి వెళ్ళేసరికి బిడ్డ మీద గుడ్డ కప్పేశారు."

నాంచారమ్మ ఫ్రేము మీద చెయ్యి వేసింది.

"మర్నాడే ఇక్కడికొచ్చి బారు కొయ్యమన్నా. ఖాదర్ సాయిబు కొయ్యనన్నాడు. 'సైకిలుకి అదే బలం, నడుము విరుగుద్దమ్మా' అన్నాడు. తెర వెనక నుంచి మస్తాన్‌బీ అడిగింది: 'ఎవరి నడుము?'"

జుబేదా తల ఎత్తింది. మస్తాన్‌బీ ఆమె తల్లి.

"ఇంకేం మాట్లాడతాడు? కోశాడు, కిందికి దించి అతికాడు. ఆ మొండికి నా చీర తగులుకుంటుందని మీ అమ్మ ఫ్రేము లోపలికి తీసుకెళ్ళి, పొద్దుగూకే దాకా ఆకురాయి పట్టింది."

"మా అమ్మకి ఆకురాయి పట్టడం వచ్చా పిన్నీ?"

"వచ్చా అని అడుగుతావేమే! ఈ షాపులో నునుపంతా ఆవిడదే. కోత అందరికీ కనపడుద్ది. నునుపు ఎవరికి కనపడుద్ది?"

పని ఎక్కడ నేర్చుకున్నావని ఎవరడిగినా ఇన్నేళ్ళూ 'మా నాన్న దగ్గర' అని చెప్పిన మనిషి జుబేదా. ఆ మొండి మీద బొటనవేలు ఆనించి, అది తీయడం మరిచిపోయినట్టు ఉండిపోయింది.

"ఎన్ని ఊళ్ళు తిరిగానో దీని మీద! ఎంతమంది పిల్లల్ని పట్టుకున్నానో ఈ చేతుల్తో!" అంది నాంచారమ్మ. "ఒక్కనాడూ చీర చిరగలేదు. కబురొస్తే పరుగే తప్ప, మీ అమ్మకి ఒక్క మంచిమాట చెప్పానో లేదో."

"ఇప్పుడు చెప్పావుగా పిన్నీ," అంది జుబేదా.

సువార్త ఇక ఎవర్నీ అడగలేదు. పగులు శుభ్రం చేసి, అతుకు పట్టడానికి వెలిగారం చల్లి, మంట వెలిగించింది. ఇత్తడి తీగ కరిగి పగులులోకి తేనెలా జారింది. చల్లారిన అతుకు మీద పసుపుపచ్చని గీత మిగిలింది. దానిమీద రంగు వెయ్యొద్దని నాంచారమ్మే అంది.

శశిభూషణ్ మొండిని తనూ ఒకసారి తడిమి చూశాడు. అతని మొహంలో పొగరు పోయింది కానీ బెంగ పోలేదు. "మరి నలుగురూ ఇది ఒరిజినల్ కాదంటారు కదండీ?"

జుబేదా సువార్త వైపు తిరిగింది. పాత ఆకురాయి ఒకటి వెతికి, గుడ్డతో తుడిచి, ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"ఎంత వెనక్కి అని అడిగావుగా. ఆవిడ ఎక్కిన రోజు దాకా తీసుకెళ్ళు. అంతకు ముందురోజు ఎవరిక్కావాలి?"