డెక్కయ్య గుంటలో ఉప్పు

అనగనగా ఒక సముద్రం ఒడ్డున, నల్లరాళ్ల గుట్టల మధ్య, ఒక పీత ఉండేవాడు. వాడి పేరు డెక్కయ్య. వాడికి ఒంటికంటే డెక్కలు పెద్దవి, డెక్కలకంటే మాటలు పెద్దవి. మంచివాడే, కాదనను. కానీ ఊరికే కూర్చోవడం మాత్రం వాడికి పుట్టుకతో రాలేదు.

ఒకసారి పెద్ద తుఫాను వచ్చింది. సముద్రం అడుగున ఉన్న పగడాల గుట్టలు విరిగిపోయాయి. తుఫాను వెలిశాక ఒక చిన్న ఎర్ర పగడం ఒడ్డుకు కొట్టుకొచ్చి ఎండలో పడింది. పగడమంటే రాయి అనుకునేరు! అది ప్రాణమున్న జీవి. దాని ఒంటినిండా మెంతిగింజంత నోళ్లుంటాయి. నీళ్లు బాగుంటే ఆ నోళ్లన్నీ పువ్వుల్లా విచ్చుకుంటాయి. బాగాలేకపోతే ముడుచుకుంటాయి. ఈ పగడం పేరు కెంపి.

"మామా, నన్ను కాపాడవా?" అంది కెంపి.

డెక్కయ్య మనసు కరిగిపోయింది. "భయపడకు తల్లీ, నేనున్నాగా! తుఫాను రాని సముద్రం ఒకటి నీకోసం చేసిపెడతాను. నిన్ను బతికించుకుంటాను" అని మాటిచ్చాడు.

రాళ్ల పైవరుసలో ఒక గుంట ఉంది. అలలు అంత ఎత్తుకు రావు. డెక్కయ్య చిప్పతో సముద్రం నీళ్లు మోసి మోసి దాన్ని నింపాడు. కెంపిని ఒక పగులులో కదలకుండా నిలబెట్టాడు. తోడుకోసం చుక్కి అనే వేలెడంత చేపపిల్లను తెచ్చాడు. నాచు తిని గుంటను శుభ్రంగా ఉంచడానికి మెల్లమ్మ అనే ముసలి నత్తను బతిమాలి తెచ్చుకున్నాడు.

కొన్నాళ్లకు కెంపి విచ్చుకుంది. చుక్కి దాని చుట్టూ ఆడుకునేది. ఇక డెక్కయ్యను పట్టగలమా? "చూశారా నా సముద్రం!" అని దారినపోయే ప్రతి పీతనూ ఆపి చూపించేవాడు.

ఇంతలో ఎండలు ముదిరాయి. పొద్దున నిండుగా ఉన్న గుంట సాయంత్రానికి తగ్గిపోయేది.

"అయ్యో, నా సముద్రం ఎండిపోతోంది!" అని డెక్కయ్య చిప్ప పట్టుకుని కిందికి పరుగెత్తాడు. సముద్రం నీళ్లు తెచ్చి పోశాడు. మర్నాడు మళ్లీ తగ్గింది. మళ్లీ తెచ్చి పోశాడు. వేసవి పొడుగునా అదే పని. గుంట అంచున తెల్లటి గీత ఒకటి ఏర్పడింది. "ఎవరో ముగ్గు వేసినట్టు ఎంత బాగుందో!" అని మురిసిపోయాడు.

కానీ కెంపి ముడుచుకుపోయింది.

"ఏమైంది తల్లీ?" అన్నాడు డెక్కయ్య.

"తెలీదు మామా. ఒళ్లంతా మంటగా ఉంది."

డెక్కయ్య ఆలోచించలేదు. ఆలోచించాలంటే కాసేపు ఆగాలి కదా! "ఆకలై ఉంటుంది" అని తనే తేల్చేసుకున్నాడు. పడవల దగ్గర జాలర్లు పారేసిన రొయ్యల తలలూ చేపల పేగులూ లాక్కొచ్చి గుంటలో వేశాడు.

"మామా, ఆకలి కాదు, నాకు ఊపిరి ఆడట్లేదు" అంది చుక్కి.

"తిను, అదే ఆడుతుంది" అన్నాడు డెక్కయ్య.

తినగలిగింది తిన్నాయి. మిగిలింది కుళ్లింది. నీళ్లు మసకబారి కంపు కొట్టసాగాయి. నత్త మెల్లమ్మ నీళ్లలోంచి పాక్కుంటూ వచ్చి గట్టెక్కి కూర్చుంది.

"గాలికొచ్చావా మెల్లమ్మా?" అన్నాడు డెక్కయ్య.

"గాలికి కాదు నాయనా, నీ ప్రేమ భరించలేక వచ్చాను" అంది మెల్లమ్మ.

ఆ మాట వాడికి గుచ్చుకుంది. అయినా ఎక్కడ తప్పు జరిగిందో తెలియలేదు. అప్పుడే ఒక ఉల్లంకి పిట్ట వచ్చి గుంట గట్టుమీద వాలింది. అది రోజూ ఉప్పుమళ్లలో పురుగులు ఏరుకుని తినే పిట్ట. తెల్లగీతను ముక్కుతో ఒకసారి గీకి చూసింది.

"ఏమయ్యా డెక్కయ్యా, ఉప్పు పండిస్తున్నావా?" అంది.

"ఉప్పేమిటి? ఇది నా సముద్రం!"

"ఉప్పుమళ్లలో మనుషులు చేసే పనే నువ్వూ చేస్తున్నావు. వాళ్లు మడిలో సముద్రం నీళ్లు పెడతారు. ఎండ నీటిని తాగేస్తుంది, ఉప్పును ముట్టుకోదు. మళ్లీ నీళ్లు పెడతారు, మళ్లీ ఎండ తాగుతుంది. చివరికి మడినిండా ఉప్పే. నీ గుంటలోంచి ఎండ తీసుకుపోయింది ఉత్త నీరు. నువ్వు తెచ్చి పోసింది ఉప్పునీరు."

డెక్కయ్యకు పౌరుషం వచ్చింది. "సముద్రంలో పుట్టినవాణ్ణి, నాకే ఉప్పు సంగతి చెబుతావా? సముద్రం మీద మాత్రం ఎండ కాయట్లేదా?"

"కాస్తోంది. కానీ సముద్రానికి నదులు మంచినీళ్లు తెచ్చి పోస్తాయి. వానలు పోస్తాయి. నీ గుంటకు ఎవరున్నారు?"

డెక్కయ్య గుంటలో డెక్క ముంచి నోట పెట్టుకున్నాడు. నోరు భగ్గుమంది. రోజుకింత చొప్పున పెరిగిన ఉప్పు కదా, అందులోనే తిరిగేవాడికి ఇన్నాళ్లూ తెలియనేలేదు. పాపం, కెంపి మంటగా ఉందని చెప్పనే చెప్పింది. వాడే వినలేదు.

"ఇప్పుడేం చెయ్యను?" అని అడిగాడు.

"ఇసకదిబ్బ వెనక చెలమ ఉంది. ఊళ్లో ఆడవాళ్లు మంచినీళ్లకోసం ఇసకలో తవ్వుకున్న గుంట. ఆ నీళ్లు తెచ్చి పొయ్యి. అయితే ఒక్కసారే పోయకు. మెల్లగా ఎక్కిన ఉప్పు మెల్లగానే దిగాలి" అని చెప్పి ఉల్లంకి పిట్ట ఎగిరిపోయింది.

డెక్కయ్య కుళ్లినదంతా తీసి పారేశాడు. చిప్ప ఎత్తుకుని ఇసకదిబ్బకేసి పరుగెత్తాడు. ఇసక పెనంలా కాలుతోంది. నెత్తిమీద కాకులు తిరుగుతున్నాయి. అయినా ఆగలేదు. చెలమ నుంచి గుంటకు, గుంట నుంచి చెలమకు, కాళ్లు బొబ్బలెక్కేదాకా తిరిగాడు. పిట్ట చెప్పిన చివరిమాట వాడికి గుర్తుంది. కానీ మంటతో ముడుచుకున్న కెంపి ఎదురుగా కనిపిస్తుంటే మెల్లగా ఎలా పోస్తాడు? గుంటలో కొంత నీరు తోడి పారబోసి, అంచుదాకా మంచినీళ్లు నింపేశాడు. రుచి చూస్తే అచ్చం సముద్రం రుచి.

"గెలిచాం!" అని కేకపెట్టాడు.

"మామా, కళ్లు తిరుగుతున్నాయి" అంది చుక్కి.

కాసేపటికి చుక్కి పక్కకు ఒరిగిపోయింది. డెక్కయ్య డెక్కతో మెల్లగా తట్టాడు. "చుక్కీ! చుక్కీ!" అని పిలిచాడు. చుక్కి పలకలేదు. ఎక్కువ ఉప్పుకు అలవాటుపడిన ఆ చిన్న ఒళ్లు, ఒక్కపూటలో మారిపోయిన నీళ్లకు తట్టుకోలేకపోయింది.

డెక్కయ్య భోరున ఏడ్చాడు. ఎందుకు ఏడవడు? పిల్ల పోయింది. పైగా పోయింది తన చేతుల్లోనే. కెంపి ఒళ్లు ఒకవైపు సున్నంలా పాలిపోయి ఉంది. ఇక అదైనా దక్కుతుందో లేదో!

వాడు లేచి చిప్ప అందుకున్నాడు. గుంటంతా తోడేసి, మళ్లీ కొత్తగా సముద్రం నీళ్లు నింపేద్దామనుకున్నాడు.

"మామా, ఎక్కడికి?" అంది కెంపి నీరసంగా.

"నీళ్లకు తల్లీ. అన్నీ మార్చేస్తాను. ఈసారి నువ్వు..."

"నువ్వు చెడ్డవాడివి కావు మామా. కానీ నువ్వు పరుగెత్తినప్పుడల్లా నాకు భయమేస్తోంది."

డెక్కయ్య చిప్ప పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. పరుగెత్తమని కాళ్లు పీకుతున్నాయి. చివరికి చిప్ప కింద పెట్టేశాడు. గట్టుమీద కూర్చున్నాడు. ఊరికే కూర్చున్నాడు! పీతకు అదెంత కష్టమో పీతనే అడగాలి.

కూర్చుంటే కళ్లు పనిచేయడం మొదలుపెట్టాయి. పొద్దున నీరు ఏ రాతిదాకా ఉందో, ఎండ తిరిగేసరికి ఏ రాతిదాకా దిగిందో చూశాడు. కెంపి నోళ్లు ఎప్పుడు బిగుసుకుంటున్నాయో, ఎప్పుడు వదులవుతున్నాయో చూశాడు. ఆ రోజు నుంచి, దిగిన నీరు ఎంతో అంతే చెలమ నుంచి తెచ్చేవాడు. దాన్ని కూడా కొంచెం కొంచెంగా వదిలేవాడు. తిండి అడిగితేనే పెట్టేవాడు. ఏదైనా తేడాగా కనిపిస్తే ముందు, "ఏమ్మా, ఎలా ఉంది?" అని అడిగేవాడు. జవాబు వచ్చేదాకా ఆగేవాడు.

నత్త మెల్లమ్మ ఇదంతా గమనించింది. ఒకరోజు గట్టు దిగి తిరిగి నీళ్లలోకి వచ్చేసింది. ఎవరితోనూ ఏమీ అనకుండా నాచు తినడం మొదలుపెట్టింది.

తెల్లబడిన వైపు కెంపి మళ్లీ ఎర్రబడలేదు. పోయిన భాగం పోయినట్టే. కానీ వేసవి చివర ఒక పొద్దున, ఎర్రగా మిగిలిన వైపు ఒక్క నోరు విచ్చుకుంది. ఆ పక్కనే ఇంకొకటి. చూస్తుండగానే చిన్న గుత్తి.

డెక్కయ్యకు కన్నీళ్లు ఆగలేదు.

"మామా, చుక్కి ఉంటే బాగుండేది కదా" అంది కెంపి.

మునుపటి డెక్కయ్య అయితే ఆ మాట పూర్తికాకముందే ఇంకో చేపపిల్ల కోసం పరుగెత్తేవాడు.

"అవును తల్లీ, బాగుండేది" అన్నాడు డెక్కయ్య. అని, దాని పక్కనే కూర్చుండిపోయాడు.

నీతి: ప్రేమతో చేసేది కూడా అవసరమెంతో చూసి, అంతే, మెల్లగా చేయాలి. ఆగి చూడని ప్రేమ, ప్రేమించినవాళ్లకే చేటు తెస్తుంది.